కొబ్బరికాయ కొట్టిన సర్వర్

“కొబ్బరికాయ కొట్టిన వస్తువును వాపస్ పంపుడు మా ఇంటా వంటా లేదు!” అన్నాడు రామచందర్, భుజమ్మీది తువ్వాలను తీసి మళ్లీ అదే భుజమ్మీద వేసుకుంటూ.

ఇంటి ముందు గదిలో, ఎదురుగా బల్ల మీద సర్వర్ ఉంది. నల్లటి ఇనుప పెట్టె. నుదురంటూ లేకపోయినా ముందువైపు కుంకుమ బొట్లు, మెడంటూ లేకపోయినా బంతిపూల దండ. హైదరాబాదులో మూతపడిన ఏదో ఆఫీసు సామాన్ల వేలంలో రామచందర్ దాన్ని పాడుకుని వచ్చాడు. నిజానికి చిన్న మిషన్ కోసమే వెళ్లాడు. కానీ అదే ధరకు రెట్టింపు మిషన్ దొరుకుతుంటే వదులుకునే వ్యాపారి తొర్రూరు బజారులో ఇంకా పుట్టలేదు.

“వాపస్ పంపుమని నేననలే అంకుల్,” అంది ప్రత్యూష. రామచందర్ రెండు కిరాణా దుకాణాలకూ కలిపి వ్యాపారం సాఫ్ట్‌వేర్ పెట్టించడానికి హన్మకొండ డీలరు పంపిన అమ్మాయి ఆమె. పూజకు పిలిస్తే సంతోషంగా వచ్చింది. హారతి కళ్లకద్దుకుంది. పెట్టె మీది అక్షరాలు చదివాక ఆ సంతోషం కాస్తా ఆవిరైంది. “గీ మిషన్‌కు ఎంత లైసెన్సు పడ్తదో చెప్పిన. గంతే.”

“మల్లొక్కసారి చెప్పు బిడ్డా. నాకు సమజ్ కాలే.”

సమజ్ కాకపోవడమేమీ లేదు. మళ్లీ చెప్పించుకుంటే తగ్గుతుందేమోనని ఆయన ఆశ.

“దీంట్ల రెండు ప్రాసెసర్లున్నయ్ అంకుల్. ఒక్కోదాంట్ల పదహారు కోర్లు. కోర్ అంటే పని చేసే మనిషి అనుకోండ్రి. మా కంపెనీ కోర్ల లెక్కనే లైసెన్సు ఇస్తది. మిషన్ల ఎన్నుంటే అన్నిటికీ తీస్కోవాలె.”

“మా రెండు దుకాణాల పనికి అందరు గావాల్నా?”

“సగం మంది గూడ అక్కర్లేదు.”

“మరి మిగిలినోళ్లు ఏం జేస్తరు?”

“ఊకెనే కూసుంటరు.”

రామచందర్ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. “కూసున్నోనికి కూలీనా? నా గోదాంల హమాలీలు ఎందరున్నా, బస్తా మోసినోనికే కూలీ ఇస్త. గోడకొరిగి బీడీ తాగెటోనికి ఎవడన్న ఇస్తడా? శ్రీకర్, నువ్వు చెప్పురా. ఇస్తడా?”

పెద్దకొడుకు శ్రీకర్ తండ్రి వైపు చూసి తల ఊపాడు, ప్రత్యూష వైపు చూసి నవ్వాడు. ఇద్దర్నీ నొప్పించకుండా బతకడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. “సగం కోర్లు బంద్ చేసి పెడ్తే నడువదా మేడం?”

“బంద్ చేసినా లోపల ఉన్నయంటే లెక్కలకొస్తయ్ అన్నా.”

“మిల్లు మోటారు గూడ గంతే గద మామయ్యా,” అంది సౌజన్య. శ్రీకర్ భార్య. జనగామలో ఆమె తండ్రికి రైస్‌మిల్లు ఉంది. “మిల్లు బంద్ ఉన్న నెల గూడ కరెంటోళ్లకు కట్టాలె. మోటారు ఎన్ని హార్స్‌పవర్లో చూస్తరు గని, తిరిగిందా లేదా ఎవలడుగుతరు? మా నాయిన ఎన్నేండ్ల సంది మొత్తుకుంటలేడు?”

“మీ నాయిన మొత్తుకుంటడు, మొత్తుకుని కడ్తడు. నేను మొత్తుకోను, కట్టను.”

ప్రత్యూష నవ్వు ఆపుకోవడానికి లాప్‌టాప్ తెర వెనక్కు వంగింది. సౌజన్యకూ నవ్వు వచ్చేదే, ఈ సర్వర్ ఆలోచన తనది కాకపోయి ఉంటే. తొర్రూరు దుకాణం, మహబూబాబాద్ దుకాణం రెండూ ఒకే మిషన్ మీద నడవాలన్నది ఆమె మాట. ఇక్కడ చింతపండు అయిపోతే అక్కడ ఎంత ఉందో కూర్చున్న చోటే తెలిసిపోవాలి. అక్కడ పప్పు మిగిలితే ఇక్కడికి తెప్పించాలి. ఒప్పించడానికి నానా తంటాలు పడింది. మామగారు ఒప్పుకున్నాడు, ఒప్పుకుని ఇంత పెద్ద పెట్టె తెచ్చాడు.

“గింత పంచాయితి ఎందుకు నాయినా?”

గుమ్మం దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. చిన్నకొడుకు ఉమేష్. మహబూబాబాద్ దుకాణం, అంటే ఊళ్లో అందరి నోటా మానుకోట దుకాణం, చూసేది అతనే. పూజకని పొద్దున్నే వచ్చి, వచ్చినప్పటి నుంచీ గుమ్మం దాటి లోపలికి రాలేదు, బయటికి పోలేదు.

“మానుకోటకు చిన్న కంప్యూటర్ నేనే తెచ్చుకుంట. నా లెక్క నేను చూస్కుంట. మీరు తొర్రూరు మట్టుకు చూస్కోండ్రి.”

బయట గోదాములో బస్తా దించిన చప్పుడు వినిపించింది.

“నా లెక్క అంటే ఏందిరా?” అన్నాడు రామచందర్.

“నా దుకాణం లెక్క.”

“నీ దుకాణమెప్పుడైంది? బోర్డు మీద ఎవని పేరున్నది?”

“బోర్డు మీద నీ పేరే ఉన్నది. పొద్దున షటర్ లేపేది మాత్రం నేనే. నేను కొట్టిన ప్రతి బిల్లు మీరిక్కడ కూసోని చూడాల్నా? నేనేం దొంగనా?”

“దొంగవని ఎవలన్నర్రా!”

“అనుడెందుకు? మిషన్ పెట్టి చూస్తమంటున్నరు గద.”

“ఉమేష్, నువ్వు వదినెను అంటున్నవు,” అన్నాడు శ్రీకర్. అతని గొంతు పెరగడం ఆ గదిలో అందరికీ కొత్త.

“వదినెను నేనెందుకంట?” అన్నాడు ఉమేష్. అంటూనే ఒక్కసారి ఆమె వైపు చూశాడు.

ఆ చూపు చాలు. సౌజన్య గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

*

అత్తగారు కమలమ్మ పొయ్యి మీద చాయ్ మరిగిస్తోంది. ముందు గదిలో మాటలన్నీ ఆమెకు వినిపించాయి. ఆ ఇంట్లో వంటింటికి వినిపించకుండా మాట్లాడగలిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

“నేనే చెడగొట్టిన అత్తమ్మా,” అంది సౌజన్య. “రెండు దుకాణాలు కలుస్తయనుకున్న. విడిపోయేటట్టున్నయ్.”

“నువ్వు రాకముందు గూడ వీళ్లు కొట్లాడుకున్నరు. అప్పుడు కారణం లేకుండనే కొట్లాడేటోళ్లు. ఇప్పుడొక కారణమన్న దొరికింది.” కమలమ్మ అల్లం దంచి వేసింది. నవ్వించాలనే అంది గానీ ఆ తర్వాత ఆమెకే నవ్వు నిలవలేదు. “మీ చిన్నమామ, జఫర్‌గఢ్‌ల ఉంటడు గద, ఆయన మొదలు వేరే కాంటా తెచ్చుకున్నడు. పాత కాంటా జర మందమున్నది, ముల్లు సరిగ్గ కదుల్తలేదు, నాది నాకు గావాలె అన్నడు. తూకం కాంటా వేరైతే ఏమైతదని అందరం నవ్వినం. దసరా నాటికి దుకాణమే వేరైంది.”

“గిప్పుడు మంచిగనే ఉంటరు గద?”

“మంచిగనే ఉంటం. వస్తే కుర్సీ ఏస్తం, కూల్‌డ్రింక్ తెప్పిస్తం. ఒకప్పుడు నా చేతిల పల్లెం గుంజుకుని తిన్నోడు సౌజన్యా! వానికి మర్యాద చేయాల్సి వస్తే నాకు ఏడుపొస్తది. రేపు ఉమేష్‌గాడు గూడ గట్లనే వచ్చి కుర్సీల కూసుంటే నేను తట్టుకోలేను.”

సౌజన్య పొయ్యి మంట తగ్గించింది. “బజార్ల అందరు నన్నే అంటరు. పెద్దకోడలు మిషన్ తెప్పించింది, ఇల్లు రెండు జేసింది అంటరు.”

“అంటరు,” అంది కమలమ్మ, దాచకుండా. “అందుకే ఏడ్వకుంట జర ఆలోచన చెయ్యి. నాకు కాంటా సంగతి తెలుసు గని గీ డబ్బా సంగతి తెల్వది. ఆ పిల్లకు ముందుగాల గీ చాయ్ ఇచ్చి రా.”

చాయ్ తీసుకుని సౌజన్య ముందు గదిలోకి వచ్చేసరికి తండ్రీకొడుకులు చెరో గోడను చూస్తున్నారు. శ్రీకర్ మధ్యలో నిలబడి పూలదండ సర్దుతున్నాడు. ప్రత్యూష కప్పు అందుకుని, “సారీ అక్కా, నా వల్లనే గిదంత,” అంది.

“నీదేం తప్పు లేదు. లోపల ఉంటే లెక్కలకొస్తదన్నవు గద?”

“ఔ అక్కా.”

“మరి లోపల లేకుంటే?”

“లోపల లేనిదాంతోని మాకేం పని?” అని నవ్వుతూ చాయ్ తాగబోయి, ప్రత్యూష ఆగిపోయింది. కప్పు పక్కన పెట్టింది. “అక్కా, ఒక ప్రాసెసర్ తీసేద్దామంటవా?”

“తీస్తే మిషన్ నడుస్తదా?”

“ఒక్కదానితోని బ్రహ్మాండంగ నడుస్తది! పదహారింటికే లైసెన్సు. సగానికి సగం.”

‘సగం’ అన్న మాట వినగానే రామచందర్ గోడను చూడడం మానేశాడు. సగం ధర అనే మాట ఎక్కడ వినిపించినా ఆయన చెవులు అటే పోతాయి. కానీ వెంటనే మొహం ముడుచుకుంది. “పూజ చేసినదాన్ని విప్పుతరా? అపచారం గాదా?”

“దేవుని పటాన్నే పండుగకు గోడ మీదికెల్లి దించి, వెనుక అట్ట తీసి తుడుస్తం,” అంది కమలమ్మ వంటింట్లోంచే. “అప్పుడు దేవునికి రాని కోపం గీ డబ్బాకొస్తదా?”

బజారంతా మాటల్లో రామచందర్‌ను గెలవలేకపోవచ్చు. ఆ గొంతు మాత్రం ఎప్పుడూ గెలుస్తుంది. ఆయన లేచి మిషన్‌కు చేతులెత్తి దండం పెట్టాడు. తర్వాత దండను తనే తీసి మేకుకు తగిలించాడు.

“ఇప్పు.”

శ్రీకర్ మూత జరిపాడు. లోపల రెండు అక్షింతలు, ఒక చిన్న కొబ్బరి పలుకు కనిపించాయి. ప్రత్యూష మొహం పాలిపోయింది.

“అంకుల్, దీంట్లకు నీళ్లు గూడ చల్లిండ్రా?”

“ఉత్త నీళ్లు గాదు బిడ్డా. కొబ్బరినీళ్లు.”

“పవిత్రమేనంకుల్. గని కరెంటుకు ఆ సంగతి తెల్వది.”

ఇక నవ్వు ఆగలేదు. ముందు శ్రీకర్, తర్వాత సౌజన్య, ఆఖరికి రామచందర్ కూడా. అదృష్టం కొద్దీ నీళ్లు పైమూత దాటి లోపలికి దిగలేదు. అంతా పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ప్రత్యూష చెబుతుంటే శ్రీకర్ ఒక్కో మర వదులు చేశాడు. పైనున్న, వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మ లేచింది. కింద బిస్కెట్టంత బిళ్ల.

“గింతేనా?” అన్నాడు రామచందర్, వంగి చూస్తూ. “నేనింకా రోలంత ఉంటదనుకున్న. గింత బిళ్లనా నన్ను పొద్దుగాల సంది పరేషాన్ చేసింది?”

“అడుగు ముట్టుకోవద్దంకుల్, పాడైతది.”

కమలమ్మ మిఠాయి డబ్బా ఖాళీ చేసి, తుడిచి తెచ్చింది. ఖాళీ చేయడమంటే అందరి చేతుల్లో తలా ఒక లడ్డూ పెట్టడమే. బిళ్లను డబ్బాలో పడుకోబెట్టారు. దాని పక్కనున్న మెమరీ పట్టీలను తీసి రెండోవైపు పెట్టారు, ఖాళీ అయిన చోటుకు మూత బిగించారు. మీట నొక్కగానే లోపలి ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. రామచందర్ రెండడుగులు వెనక్కు వేసి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాడు. అందరూ చూశారు.

తెర వెలిగింది. ప్రత్యూష చదివి వేలు పైకెత్తింది. “ఒక్క ప్రాసెసర్. పదహారు కోర్లు. అయిపోయింది!”

“దాంట్ల గూడ సగం మంది ఊకెనే కూసుంటరు గదా?” అని గొణిగాడు రామచందర్. గొణిగాడే గానీ మొహం వెలిగిపోతోంది. “కూసోనీ. పూజ పూట పోనీ.”

సౌజన్య లడ్డూ సగం కొరికి శ్రీకర్‌కు ఇచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఊపిరి హాయిగా ఆడింది. ఇల్లు నిలబడింది అనుకుంది. నిలబెట్టింది తనే అని కూడా అనుకుంది. అనుకుంటే తప్పేముంది?

“నాయినా,” అన్నాడు ఉమేష్.

అందరూ తిరిగి చూశారు. అతను మొదటిసారి గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

“తీసిందాంతోని మీకు పనిలేదు గద. అది నాకియ్యి. దానికి సరిపోయే మిషన్ తెచ్చుకుని మానుకోటల పెట్టుకుంట.”

నవ్వుతున్న కమలమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది.

సౌజన్య చేతిలోని డబ్బా వైపు చూసుకుంది. రెండు దుకాణాలనూ ఒక్కటి చేయాలని మిషన్‌లోంచి ఒక ముక్క బయటికి తీయించింది. ఆ ముక్క ఇప్పుడు చిన్నకొడుకు వాటా అయి కూర్చుంది. ఇద్దరు కొడుకులు, రెండు బిళ్లలు. ఇంత సులువుగా పంచుకోవడానికి వీలుగా తనే పెట్టెలో పెట్టి మరీ ఇస్తోంది. ఆమెకు కోపం వచ్చింది. ఉమేష్ మీద కాదు, తన తెలివి మీద.

రామచందర్ గొంతులో ఈసారి అరుపు లేదు. “తీయించింది నువ్వు బిడ్డా. ఎవలకియ్యాల్నో నువ్వే చెప్పు.”

“మామయ్యా, నేనెట్ల...”

“నువ్వే చెప్పు.”

సౌజన్య కొంగుతో మొహం తుడుచుకుంది. డబ్బా మూత పెట్టింది. “ఇస్త ఉమేష్. గని ఒక మాట విను. డబ్బాల ఉన్నన్ని దినాలే దీనికి ఖర్సు లేదు. ఏ మిషన్ల పెట్టినా అక్కడ మల్ల పదహారింటికి లైసెన్సు తీస్కోవాలె. కలిసుంటే రెండు దుకాణాలకు ఒక్క లైసెన్సు. వేరైతే చెరొకటి. ఆ రెండోది నువ్వొక్కనివే కట్టుకోవాలె. ఆలోచన చేస్కో.”

“శెభాష్!” అనబోయి రామచందర్ నోరు మూసుకున్నాడు. ఏ వ్యాపారి కొడుకైనా ఈ లెక్క వింటే వెనక్కు తగ్గుతాడు. శ్రీకర్ అప్పుడే తమ్ముడి భుజమ్మీద చెయ్యి వేయడానికి కదిలాడు.

“కడ్త,” అన్నాడు ఉమేష్. “రాసుకోండ్రి మేడం.”

కమలమ్మ అక్కడే ఉన్న కందిపప్పు బస్తా మీద కూలబడింది.

ప్రత్యూషకు పాపం లైసెన్సు అమ్మడం ఉద్యోగం. అయినా ఆ క్షణాన ఆమె వేళ్లు కదలలేదు. కమలమ్మ వైపు చూసి, తల వంచుకుని, లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. “ఏ పేరు మీద రాయాలన్నా? మీ దుకాణం బోర్డు మీదున్న పేరేనా?”

“కాదు.”

“మరి?”

ఉమేష్ తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు. నేలను చూస్తూ చెప్పాడు. “లీలావతి డెకరేషన్స్.”

ఆ ఇంట్లో గానీ, ఆ బంధువుల్లో గానీ లీలావతి అనే పేరుగల మనిషి లేదు. శ్రీకర్ మేనత్తల దగ్గర నుంచి మొదలుపెట్టి అందరి ఇళ్లూ మనసులో ఒకసారి తిరిగి వచ్చాడు. ఎక్కడా తగల్లేదు.

“లీలావతి ఎవర్రా?” అన్నాడు.

“మానుకోట దుకాణంల వెనుక సగం ఆమెదే అన్నా.” ఒకసారి నోరు తెరిచాక ఉమేష్‌కు మాటలు ఆగలేదు. “పెండ్లిళ్లకు పందిరి సామాను, పూలు, గాలి ఊదే బుగ్గలు. మేమిద్దరం కలిసి పెట్టినం. మంచిగ నడుస్తున్నది. రెండు దుకాణాలకు ఒక్కటే మిషన్ అని వదినె అనంగనే నాకు చెమటలు వట్టినయ్. మొదటి బిల్లుకే మీకు తెలిసిపోతది గద. వదినె మీద కోపం జేసింది గూడ గందుకే. తప్పైంది వదినె.”

“కిరాణా దుకాణంల బుగ్గలా!” అన్నాడు రామచందర్. ఆడపిల్ల పేరు ఇంకా ఆయన దాకా చేరలేదు. బుగ్గల దగ్గరే ఆగిపోయాడు.

సౌజన్యకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పొద్దుటి నుంచీ తన మీద అలిగాడనుకుంది, ఇల్లు విడిచిపోతాడనుకుంది. పిల్లవాడు పోవాలనుకోలేదు, దాక్కోవాలనుకున్నాడు. తేలికపడ్డ మనసు మరుక్షణంలోనే మళ్లీ బరువెక్కింది. ఎందుకంటే మామగారి మొహంలోకి ఇప్పుడు ఆ పేరు నెమ్మదిగా దిగుతోంది.

“ఉత్త భాగస్వామేనా?” అంది కమలమ్మ.

ఉమేష్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఏ ఊరు? ఎవల పిల్ల?” రామచందర్ ఒక్కో మాటా తూచినట్టు అడిగాడు.

“దంతాలపల్లి దగ్గర లంబాడ తండా. అమర్‌సింగ్ బిడ్డ.” అతని గొంతు సన్నబడింది. “పూజైనంక అందరి ముంగట చెప్దామనే వచ్చిన నాయినా. గింతల గీ లైసెన్సు పంచాయితి షురువైంది. నాకు ధైర్యం జాలలే.”

రామచందర్ లేచి నిలబడ్డాడు. శ్రీకర్ అడ్డంగా కదిలాడు. ప్రత్యూష లాప్‌టాప్‌ను చప్పుడు కాకుండా మూసింది. మిషన్ ఒక్కటే ఎవరి సంగతీ పట్టనట్టు హోరుమంటోంది.

“ఇప్పుడేడున్నది ఆ పిల్ల?” అన్నాడు రామచందర్.

“మన బస్టాండ్ల. నేను పిలిస్తే వద్దామని కూసున్నది.”

“ఎప్పటి సంది?”

“పొద్దుగాల సంది.”

రామచందర్ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో ఎవరికీ తెలియదు, బహుశా ఆయనకూ తెలియదు. అంతలోనే కమలమ్మ పప్పు బస్తా మీది నుంచి దిగ్గున లేచింది.

“పొద్దుగాల సందా?” అంది. “మరి అన్నం తిన్నదారా ఆ పిల్ల?”